గని నీరు, మిరప చేను, సోడియం లెక్క

బొగ్గు తవ్వాలంటే ముందు నీళ్లు తోడాలి. ఇల్లందు పక్కన సింగరేణి ఊరి దగ్గర 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు పొరల్ని గుర్తించిన నాటి నుంచి నేటి మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లి ఓపెన్‌కాస్టుల దాకా ఈ పని మారలేదు. బాయి లోతుకు దిగే కొద్దీ ఇసుకరాతి పొరల్లో నిలవున్న నీరు ఊరుతూనే ఉంటుంది. రాత్రీ పగలూ మోటార్లు ఆడాల్సిందే. తోడిన నీటిలో కొంత దుమ్ము అణచడానికి రోడ్ల మీద చల్లుతారు. కొంత కాలనీలకు వెళుతుంది. చుట్టుపక్కల ఊళ్లకు, చెరువులకు, సాగుకు సింగరేణి సంస్థ ఇస్తున్నది కొంత. మిగిలినది వాగుల్లో కలుస్తుంది.

ఖమ్మం మైదానం తగ్గి భద్రాచలం అడవి మొదలయ్యే ఈ అంచున చాలా ఊళ్లకు వాగే సాగునీటి కాలువ. కొత్తగూడెం పక్క నుంచి పారే ముర్రేడు కిన్నెరసానిలో, కిన్నెరసాని గోదావరిలో కలుస్తాయి. ఇలాంటి వాగుల పొడవునా రైతులు మోటార్లు దింపి వరికి, పత్తికి, మొక్కజొన్నకు, మిరపకు నీళ్లు పెట్టుకుంటారు. గని గట్టు దగ్గర వ్యర్థజలంగా బయల్దేరిన నీరే కొన్ని కిలోమీటర్ల దిగువన సాగునీరు. ఆ నీటిలో సోడియం ఎంత ఉండొచ్చో ఎవరు, ఎక్కడ, ఏ లెక్కన తేల్చాలన్నదే మన ముందున్న ప్రశ్న. పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న మీదే దిగువ చేల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

బొగ్గు గనులు వదిలే నీటికి కేంద్ర పర్యావరణ శాఖ 2000 సెప్టెంబరులో ప్రత్యేక ప్రమాణాలు ప్రకటించింది. ఉదజని సూచిక 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. నీటిలో తేలే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, సాగు భూమికి వదిలితే 200 దాకా పరవాలేదు. నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాములు, నైట్రేట్ నత్రజని 10 మిల్లీగ్రాములు, రసాయన ఆక్సిజన్ అవసరం 250 మిల్లీగ్రాములు. ఈ పట్టికలో ప్రతి వరుస వెనుకా గనిలో జరిగే ఒక పని ఉంది. బొగ్గు పొడి, మట్టి కలుస్తాయి కనుక ఘనపదార్థాలు. డంపర్లు, షావెళ్లు నడుస్తాయి కనుక నూనె. పేలుళ్లకు అమ్మోనియం నైట్రేట్ వాడతారు కనుక నైట్రేటు. సోడియానికి మాత్రం వరుస లేదు. అది గనిలో ఎవరూ కలిపింది కాదు, రాతి నుంచే నీటితో పాటు వచ్చింది. అయితే దిగువన ఉన్న చేనుకు అది ఎక్కడి నుంచి వచ్చిందన్న తేడా లేదు.

రాతి లోపల జరిగేది ఇది. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రాతిలోని కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి ఇసుకరాతి సందుల్లో, బంకరాతి పొరల పక్కన నెమ్మదిగా కదులుతుంది. ఆ బంకరాతి తన దగ్గరున్న సోడియాన్ని నీటికి ఇచ్చి, నీటిలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. మిగిలిన కాల్షియంలో కొంత బైకార్బొనేటుతో కలిసి సున్నపురాయిగా పేరుకుపోతుంది. చివరికి మిగిలేది సోడియం బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీరు. ఎంత లోతు, ఎంత కాలం, ఏ పొర అన్న దాన్ని బట్టి ఒక్కో బాయి నీటికి ఒక్కో గుణం వస్తుంది. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఇతర దేశాల గనుల్లో వినిపించే ఆమ్లజలాల బెడద ఇక్కడ అంతగా ఉండదు. అది మన అదృష్టమే. అయితే ఆమ్లం లేని నీరు, తేటగా కనిపించే నీరు, తాగితే కాస్త చప్పగా ఉండే నీరు కూడా నేలను పాడు చేయగలదు. ఒడ్డున నిలబడి చూస్తే ఆ సంగతి తెలియదు.

నేలలో సోడియం చేసే పనిని కాస్త వివరంగా చూడాలి. బంకమట్టి రేణువులు విస్తరాకుల కట్టలా ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నని పలకలు. వాటి ముఖాల మీద రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు అక్కడ చేరతాయి. కాల్షియానికి రెండు ఆవేశాలు ఉండటం వల్ల పలకల్ని దగ్గరగా పట్టి ఉంచుతుంది. అలా కలిసిన మట్టి గుళికలు గుళికలుగా ఉంటుంది. ఆ గుళికల మధ్య సందుల్లోంచే నీరు ఇంకుతుంది, వేరుకు గాలి అందుతుంది. సోడియానికి ఒకటే ఆవేశం. పైగా ఆ కొద్ది ఆవేశానికి చుట్టూ నీటి అణువుల్ని మందంగా కప్పుకుని ఉంటుంది. అది చేరిన చోట పలకలు ఎడమవుతాయి, ఉబ్బుతాయి, చివరికి విడిపోయి నీటిలో తేలిపోతాయి. తేలిన రేణువులు సందుల్లో ఇరుక్కుని దారులు మూసేస్తాయి. ఎండితే పైన పెంకు కడుతుంది, తడిస్తే జిగురుగా మారుతుంది. నీరు పైన నిలిచి ఉన్నా అడుగున వేరుకు తేమ అందదు. మన రైతులు కారుచౌడు అనేది ఈ నేలనే. ఉప్పు తెల్లగా పేరుకున్న పాలచౌడును మంచి నీటితో కడిగి, మురుగు తీస్తే బాగుచేసుకోవచ్చు. కారుచౌడును నీటితో కడిగితే ఇంకా బిగుసుకుంటుంది.

ఇదంతా జరగడానికి సోడియం ఒక్కటే కారణం కాదు, పక్కన కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నదే అసలు లెక్క. అందుకే శాస్త్రవేత్తలు సోడియాన్ని ఒంటరిగా కొలవరు. లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో సోడియం విలువ తీసుకుని, కాల్షియం మెగ్నీషియంల మొత్తంలో సగానికి వర్గమూలం కట్టి, దానితో భాగిస్తారు. వచ్చేదే సోడియం అధిశోషణ నిష్పత్తి, ప్రయోగశాలల వాడుకలో ఎస్ఏఆర్. మచ్చుకు రెండు నీళ్లు తీసుకుందాం. రెండింటిలోనూ లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియమే, అంటే 10 మిల్లీ ఈక్వివలెంట్లు. మొదటి దానిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి 4 ఉంటే ఎస్ఏఆర్ 7 దాటుతుంది. రెండో దానిలో అవి 18 ఉంటే 3.3 దగ్గర ఆగుతుంది. సోడియం ఒకటే, నేల మీద ప్రభావం వేరు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములకు మించరాదు అని సోడియానికి ఒకే అంకె రాసేస్తే, అది కొన్ని చోట్ల అనవసరంగా బిగిసి, కొన్ని చోట్ల పనికిరానంత వదులుగా ఉంటుంది.

బైకార్బొనేటు ఎక్కువ ఉన్న నీటికి ఇంకో లెక్క కూడా కావాలి. పొలంలో నీరు ఆవిరవుతుంటే బైకార్బొనేటు కాల్షియాన్ని లాక్కుని సున్నంగా దిగిపోతుంది. అప్పుడు నీటిలో ఉన్నప్పటి కంటే మట్టిలో ఎస్ఏఆర్ పెరుగుతుంది. దీన్ని ముందే పట్టుకోవడానికి కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసివేస్తారు. ఆ మిగులు 1.25 లోపు ఉంటే భయం లేదని, 2.5 దాటితే సాగుకు పనికిరాదని అమెరికా నేల శాస్త్రవేత్తలు 1950లలోనే హద్దులు గీశారు. భారత ప్రమాణాల సంస్థ 1986లో సాగునీటి మీద ఇచ్చిన మార్గదర్శకంలోనూ ఎస్ఏఆర్‌తో పాటు ఈ మిగులు లెక్క ఉంది.

మరి మన దగ్గర సోడియానికి హద్దే లేదా అంటే, ఉంది. గని గొట్టానికి కాకుండా నదీజలాలకు ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జలాలను వాడకాన్ని బట్టి తరగతులు చేసింది. అందులో చివరిదైన ‘ఇ’ తరగతి సాగుకు, పరిశ్రమల్లో శీతలీకరణకు, వ్యర్థాలను అదుపులో వదలడానికి కలిపి ఉద్దేశించింది. ఆ తరగతి నీటికి విద్యుత్ వాహకత (నీటిలోని మొత్తం లవణాలకు కొలమానం) 2250 మైక్రోసీమెన్స్, ఎస్ఏఆర్ 26, బోరాన్ 2 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితులు. చిన్న కాగితం మిల్లుల వ్యర్థజలాన్ని భూమి మీద వదిలేటప్పుడు కూడా ఎస్ఏఆర్ 26 దాటకూడదన్నారు.

ఈ 26 ఎక్కడిది? కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఉన్న అమెరికా లవణ ప్రయోగశాల 1954లో ఒక చేతిపుస్తకం వెలువరించింది. సాగునీటిని సోడియం ముప్పును బట్టి నాలుగు మెట్లుగా విడదీసిన ఆ పట్టికలో 10 లోపు తక్కువ, 18 నుంచి 26 ఎక్కువ, 26 పైన మరీ ఎక్కువ. అంటే మన పరిమితి సురక్షితమైన మెట్టు చివర లేదు, ఎక్కువ ముప్పు ఉన్న మెట్టు చివర ఉంది.

అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. ఎస్ఏఆర్ ఎక్కువ ఉన్న నీటిలో మొత్తం లవణాలు కూడా ఎక్కువే ఉంటే బంకమట్టి పలకలు వెంటనే విడిపోవు. లవణ సాంద్రత వాటిని దగ్గరగా ఉంచుతుంది. లవణాలు తక్కువైన కొద్దీ అదే ఎస్ఏఆర్ ఎక్కువ చెరుపు చేస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున ఏయర్స్, వెస్ట్‌కాట్ రాసి 1985లో సవరించిన సాగునీటి మార్గదర్శకం ఈ రెంటినీ కలిపే చూస్తుంది. ఎస్ఏఆర్ 3 లోపు ఉంటే వాహకత 700 మైక్రోసీమెన్స్ దాటితే చాలు, నీరు ఇంకడానికి ఇబ్బంది లేదు. 6 నుంచి 12 మధ్య అయితే 1900 దాటాలి. 20 నుంచి 40 మధ్య అయితే 5000 దాటితే తప్ప నిశ్చింత లేదు, 2900 కంటే తగ్గితే తీవ్రమైన ఇబ్బంది. ఇప్పుడు మన ‘ఇ’ తరగతిని పక్కన పెట్టి చూడండి. వాహకత 2250 మించకూడదు, ఎస్ఏఆర్ 26 దాకా ఉండొచ్చు. ఎస్ఏఆర్ 20 దాటి మన పరిమితుల్లో ఇమిడే ఏ నీరైనా ఆ అంతర్జాతీయ పట్టికలో తీవ్రమైన ఇబ్బంది గడిలోనే పడుతుంది. రెండు పరిమితులు విడివిడిగా చూస్తే సబబుగా కనిపిస్తాయి. కలిపి చూస్తే నేలను మూసేసే నీటికి కూడా అనుమతి దొరుకుతుంది.

పైరు వైపు నుంచి చూసినా అంతే. ఖమ్మం పేరు చెబితే గుర్తొచ్చే మిరప ఉప్పుకు ఒక మోస్తరు సున్నితమైన పంట. అదే మార్గదర్శకం ప్రకారం నీటి వాహకత 1000 మైక్రోసీమెన్స్ దాకా మిరప దిగుబడి తగ్గదు. 1500 దగ్గర పదో వంతు, 2200 దగ్గర నాలుగో వంతు పోతుంది. మొక్కజొన్న 1100 దాకా, వరి 2000 దాకా తట్టుకుంటాయి. పత్తి 5100 దాకా ఓర్చుకుంటుంది. 2250 అన్న పరిమితి పత్తి రైతుకు సరిపోయి, పక్క మడి మిరప రైతుకు నాలుగో వంతు పంట నష్టం అవుతోంది. అప్పు తెచ్చి మిరప పెట్టిన కుటుంబానికి నాలుగో వంతు అంటే ఆ ఏడాది మిగులు మొత్తం కావొచ్చు.

నేలల తేడా ఉండనే ఉంది. ఎర్ర చల్కలో, దుబ్బ నేలలో బంక తక్కువ, నీరు త్వరగా దిగిపోతుంది, సోడియాన్ని కొంత ఎక్కువ కాలం భరిస్తుంది. నల్లరేగడిలో బంక ఎక్కువ, అసలే ఉబ్బే గుణం ఉన్న మట్టి. ఒకే వాగు నీరు ఎడమ ఒడ్డున చెల్లి, కుడి ఒడ్డున చెల్లకపోవచ్చు. హద్దు నిర్ణయించేటప్పుడు ఆ వాగు కింద ఉన్న అతి సున్నితమైన నేలనూ, అతి సున్నితమైన పంటనూ కొలమానంగా పెట్టుకోవాలి. సగటు రైతును ఊహించుకుని రాసిన అంకె ఎవరి చేనుకూ సరిపోదు.

కాలం సంగతి ఇంతకంటే ముఖ్యం. మచ్చుకు ఒక గని నీటిలో సోడియం 20, కాల్షియం మెగ్నీషియం కలిపి 1.62 మిల్లీ ఈక్వివలెంట్లు అనుకుందాం. ఎస్ఏఆర్ 22, వాహకత 2200 దగ్గర. ‘ఇ’ తరగతి పరీక్ష నెగ్గే నీరే. అది కలిసే వాగు నీటిలో సోడియం 1.5, కాల్షియం మెగ్నీషియం 4 ఉన్నాయనుకుందాం. ఆగస్టులో వాగు నిండుగా పారుతూ తొమ్మిది వంతుల వాగు నీటికి ఒక వంతు గని నీరు కలిస్తే ఎస్ఏఆర్ 2.4. చింత లేదు. జనవరిలో వాగు సన్నబడి సగం సగం అయితే 9. ఏప్రిల్‌లో వాగు ఎండి పారేదంతా గని నీరే అయితే 22. గొట్టం ఒకటే, వదిలే నీరు ఒకటే. ఆగస్టు, సెప్టెంబరులో నాటిన మిరపకు ఎక్కువ తడులు కావాల్సింది వానలు వెనకపట్టాక. కాయ కోతకు వచ్చే జనవరి నుంచి మార్చి దాకా రైతు వాగు మీద మోటారు ఆపడు. నీటిలో సోడియం పాలు పెరిగే నెలలూ అవే.

ఇంకో చిక్కు జూన్‌లో బయటపడుతుంది. ఎండాకాలం అంతా ఆ నీరు పెట్టిన చేను బాగానే కనిపించవచ్చు, ఎందుకంటే నీటిలోని లవణాలే మట్టిని కూడగట్టి ఉంచాయి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే ప్రాంతం ఇది. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. తొలకరి ఆ లవణాల్ని కడిగేస్తుంది, బంకను అంటిపెట్టుకున్న సోడియాన్ని మాత్రం కదపలేదు. అప్పుడు పలకలు విడిపోతాయి. ఎండాకాలం ఇంకిన చేలో వానాకాలం నీరు నిలబడుతుంది. విత్తనం పెంకు కింద చిక్కుకుంటుంది. రైతు విత్తనాన్ని అనుమానిస్తాడు, వానను అనుమానిస్తాడు. ఆరు నెలల కిందట పెట్టిన తడులు ఎవరికీ గుర్తుకు రావు. వేసవిలో తీసిన నీటి నమూనా ఒక్కటే చూసి అంతా బాగుందనడం ఈ కారణంగానే సరిపోదు.

ఇలాంటి లెక్కను ప్రపంచంలో తేల్చినవాళ్లు ఉన్నారు. అమెరికాలో పౌడర్ నది పేరుతో పిలిచే బొగ్గు ప్రాంతంలో బొగ్గు పొరల్లో ఇరుక్కున్న మీథేన్ వాయువు కోసం కంపెనీలు ఆ పొరల్లోని నీటిని తోడి పోసేవి. అది సోడియం బైకార్బొనేటు నీరు. దిగువన టంగ్ నది లోయలో బంక నేలల మీద పశుగ్రాసం పండించే రైతులు అభ్యంతరం చెప్పారు. 2003లో మొంటానా రాష్ట్రం నదుల వారీగా అంకెలు ఖాయం చేసింది. టంగ్ నదిలో సాగు కాలంలో నెల సగటు ఎస్ఏఆర్ 3, ఏ ఒక్క నమూనాలోనూ 4.5 దాటకూడదు. వాహకత సగటు 1000, గరిష్ఠం 1500. సాగు లేని చలికాలంలో సగటు ఎస్ఏఆర్ 5 దాకా సడలింపు. సహజంగానే ఉప్పు ఎక్కువ ఉన్న పక్కనున్న పౌడర్ నదికి సాగు కాలంలోనే సగటు 5, గరిష్ఠం 7.5 ఇచ్చారు. మన 26 పక్కన ఈ 3ను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. టంగ్ నది ఒడ్డునే ఉన్న నార్తర్న్ షయాన్ ఆదివాసులు తమ హద్దుల్లో పారే నీటికి తమ సొంత ప్రమాణాలు రాసుకున్నారు కూడా.

ఆస్ట్రేలియాలో హంటర్ నది మీద దారి వేరు. అక్కడ బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు ఉప్పు నీటిని ఎప్పుడు పడితే అప్పుడు వదలడానికి లేదు. నదిలో ప్రవాహం తక్కువగా ఉంటే చుక్క వదలకూడదు. ప్రవాహం పెరిగినప్పుడు తమ దగ్గరున్న హక్కు పత్రాల మేరకే వదలాలి. సింగిల్టన్ దగ్గర వాహకత 900 దాటనివ్వరు. అప్పటిదాకా నీటిని గని చెరువుల్లో దాచుకోవాల్సిందే. మన ఓపెన్‌కాస్టుల్లో తవ్వకం ముగిసిన గోతులు ఇలాంటి నిల్వకు ఉన్నాయి. వేసవి నీటిని అక్కడ ఆపి, వాగు పొంగే జులై, ఆగస్టుల్లో కొలిచి వదలడం ఇక్కడ ఆలోచించదగిన పద్ధతి.

నీటినే మార్చే ఉపాయాల్లో అందుబాటులో ఉన్నది జిప్సం. లక్షల లీటర్లలో చూస్తే, పది లక్షల లీటర్ల నీటిలో కాల్షియాన్ని లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంటు పెంచడానికి 86 కిలోల స్వచ్ఛమైన జిప్సం కరగాలి. ఐదు యూనిట్లు కావాలంటే 430 కిలోలు. ఖర్చు పెద్దది కాదు, గని యాజమాన్యం భరించగలిగేదే. అయితే దీంతో మొత్తం లవణాలు పెరుగుతాయి కనుక మిరపకు వాహకత 1000 హద్దు దాటకుండా చూసుకోవాలి. చౌడు బారిన నేలకు జిప్సం వేసి, జీలుగ వేసి కలియదున్నడం మన రైతులకు తెలిసిన వైద్యమే. అయితే ఆ ఖర్చు రైతు నెత్తిన పడకూడదు. నీటిని వదిలే చోటే సరిచేయడం న్యాయం. పొరల వడపోతతో ఉప్పు తీయడం సాధ్యమే కానీ మిగిలిన చిక్కటి ఉప్పు నీటిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మళ్లీ మొదటికి తెస్తుంది.

చట్టంలో దారి ఉందా అంటే, కొత్త చట్టం అక్కర్లేదు. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లో మూడో నియమం, వ్యర్థజలం చేరే జలవనరు నాణ్యతను బట్టి, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, జాతీయ ప్రమాణాల కంటే కఠినమైనవి విధించే అధికారాన్ని రాష్ట్ర మండలికి ఇచ్చింది. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రతి గనికీ ఇచ్చే అనుమతి పత్రంలోనే ఆ వాగుకు సరిపడే ఎస్ఏఆర్, వాహకత, బైకార్బొనేటు మిగులు రాయవచ్చు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చాలా భాగం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెప్పింది. కోయ గూడెం వాగులో ఏ నీరు కలుస్తోందో ఆ గూడేనికి నెలనెలా తెలియడం ఆ చట్టం స్ఫూర్తి ప్రకారం వాళ్లకు రావాల్సినదే.

నమూనా తీసే చోటు కూడా పత్రంలో రాయాలి. గొట్టం మూతి దగ్గర ఒకటి, గని నీరు కలవక ముందు వాగులో ఒకటి, కలిసిన తర్వాత మొదటి మోటారు ఉన్న చోట ఒకటి. వాగు ప్రవాహం కొలత లేకుండా ఈ మూడింటికీ అర్థం లేదు. వాహకతను చేతిలో పట్టే మీటరుతో వాగు ఒడ్డునే చూడవచ్చు. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటులకు ప్రయోగశాల కావాలి, నవంబరు నుంచి మే దాకా నెలకొకసారైనా.

మట్టి సంగతి మాత్రం రైతు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆస్ట్రేలియా నేల శాస్త్రవేత్త ఎమర్సన్ 1967లో చెప్పిన పరీక్ష ఇది. చేలోంచి ఎండిన చిన్న మట్టిగడ్డ తెచ్చి, గాజు గ్లాసులో పట్టిన వాన నీటిలో మెల్లగా వదలాలి. కదపకూడదు. గడ్డ పగిలి అడుగున కుప్పపడి పైన నీరు తేటగా ఉంటే మట్టిలో కాల్షియం పట్టు ఇంకా ఉన్నట్టు. గడ్డ చుట్టూ పాల రంగు పొగలా కమ్మి, గంటలు గడిచినా ఆ మసక తేరకపోతే సోడియం చేరినట్టు. బోరు నీటితో, గని నీటితో ఈ పరీక్ష చేయకూడదు, వాటిలోని లవణాలు మసకను దాచేస్తాయి. వాగు నీరు పెట్టిన చేలోంచి ఒకటి, పెట్టని గట్టు మీంచి ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉందో లేదో తెలుస్తుంది. తేడా కనిపిస్తే ఆ చేను మట్టినీ నీటినీ ప్రయోగశాలకు పంపడానికి తొలకరి దాకా ఆగనక్కర్లేదు.